మందాకిని పత్రంలో పైడితల్లి

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మందాకిని తన కూతురిని చుట్టాల పిల్లను చూసుకున్నట్టు చూసుకుంది.

"ఇంకొంచెం పప్పు వేయనా పాపా?" అని అడిగేది. ఫ్యాను మరీ ఎక్కువగా ఉందా అని అడిగేది. పిల్ల ఎదురైతే నడవాలో పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. పైడితల్లికి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ మర్యాదకు ఏం చేయాలో తెలియక, తనూ అంతే మర్యాదగా "చాలమ్మా", "బాగుందమ్మా" అని జవాబిచ్చేది. ఆ తరవాత వెళ్ళి బాల్కనీలో కూర్చునేది.

జూలైలో మందాకినికి మెదడువాపు వచ్చింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. స్పృహ వచ్చాక భర్త గౌరీనాథ్‌ను గుర్తుపట్టింది. తెనాలిలో ఉన్న అక్క పేరు, తను ఈత నేర్పే కొలను పొడవు, అన్నీ సరిగ్గా చెప్పింది. కానీ గడిచిన ఆరేళ్ళు మాత్రం ఆమె దగ్గర లేవు. ఆమెకు గుర్తున్న చివరి సంగతి ఒక ఆదివారం ఉదయం. విశాఖలోని తమ ఫ్లాటు బాల్కనీలో కాఫీ తాగుతూ, ఒక పిల్లను దత్తత తీసుకుందామా వద్దా అని భర్తతో వాదించుకోవడం.

గౌరీనాథ్ మంచం పక్కన కూర్చుని, దత్తత తీసుకున్నామనీ, పాప పేరు పైడితల్లి అనీ, విజయనగరం శిశుగృహం నుంచి వచ్చి నాలుగేళ్ళు దాటిందనీ చెప్పాడు. మందాకిని చాలాసేపు ఆలోచించింది.

"అదేంటి? నేనింకా సరేననలేదుగా?" అంది.

బత్తాయిరసం గ్లాసు పట్టుకుని పైడితల్లి అక్కడే నిలబడి ఉంది. గ్లాసును జాగ్రత్తగా బల్లమీద పెట్టి, పైన మూత కూడా పెట్టి, బయటికి వెళ్ళిపోయింది.

*

గౌరీనాథ్ ఋషికొండ దగ్గర కొండమీదున్న ఒక పరిశోధన కేంద్రంలో ప్రోగ్రామరు. అక్కడ మనిషి జ్ఞాపకాలను అక్షరాల్లోకి దించే యంత్రం ఒకటి ఉంది. తలకు వెడల్పాటి గిన్నె లాంటిది తొడుగుతారు. రెండు గంటల తరవాత కంప్యూటరులో ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రం తయారవుతుంది. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె ఉన్నట్టు ఉంటుంది ఆ పత్రం. ప్రతి జ్ఞాపకం ఒక ఎలిమెంటు. దానికొక పేరు, ఆ పేరుతో తెరుచుకునే ట్యాగు, అదే పేరుతో మూసుకునే ట్యాగు. మధ్యలో ఆ జ్ఞాపకపు వివరం. యంత్రం ఆ పత్రాన్ని చదవగలదు, మార్చినదాన్ని తిరిగి మెదడులోకి రాయగలదు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, తలకు దెబ్బ తగిలినవాళ్ళకూ చెదిరిపోయిన వివరాలను సరిచేయడం ఆ కేంద్రం పని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మందాకిని పత్రాన్ని తెరమీద తెరిచి గౌరీనాథ్ కిందికి జరుపుకుంటూ పోయాడు. పక్కన ఆ కేంద్రం అధిపతి డాక్టర్ జబీన్ నిలబడి ఉంది. తెనాలి, అక్క పెళ్ళి, రాష్ట్రస్థాయి ఈత పోటీ, గౌరీనాథ్. ఒక్కో ట్యాగూ వచ్చి పోతోంది. "బాల్కనీ వాదన" అనే ట్యాగు తెరుచుకుని మూసుకుంది. దాని వెంటనే "ఆసుపత్రి ఫ్యాను" అన్న ట్యాగు తెరుచుకుంది.

ఆ రెండింటి మధ్య ఖాళీ వరుస కూడా లేదు.

"చెదిరి ఉంటే సరిచేసేవాళ్ళం. ఇక్కడ చెదరడానికే ఏం లేదు గౌరీ," అంది జబీన్ మెల్లగా.

"కొత్తది సృష్టించొచ్చు కదా మేడమ్?"

అతనేం అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. కొత్త ఎలిమెంటును సృష్టించే కోడ్ రాసింది గౌరీనాథే. ఆరు నెలల కిందట దాన్ని ఒక ఎలుక మీద ప్రయత్నించారు. దాని పేరు సేనాపతి. మొదటిసారి ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా నడిచింది, ఎలుకలో మాత్రం ఏ మార్పూ రాలేదు. జబీన్ కోడ్ అంతా చదివి నవ్వింది. "సృష్టించావు. పేరు పెట్టావు. వివరం కూడా నింపావు. కానీ ఎవరి కింద చేర్చావు? చేర్చే వరకూ అది కంప్యూటరులో గాల్లో ఉంటుందయ్యా, పత్రంలో ఉండదు," అంది. అతను మరిచిపోయిన ఒక్క వరుస చేర్చాడు. ఆ ఆదేశం పేరు అపెండ్ చైల్డ్. బిడ్డను చేర్చు అని. ఆ మర్నాడు సేనాపతి, తానెన్నడూ చూడని చిక్కుదారిలో ఎక్కడా ఆగకుండా నడిచి, నీలం తలుపు వెనకున్న శనగగింజ దగ్గరికి వెళ్ళింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వారం తరవాత గింజను పసుపు తలుపు వెనక్కి మార్చారు. మిగతా ఎలుకలు కాసేపు తికమకపడి, వాసన చూసుకుని, కొత్తచోటు పట్టుకున్నాయి. సేనాపతి మాత్రం నాలుగు రోజులు నీలం తలుపు దగ్గరే కూర్చుంది. జబీన్ తన పుస్తకంలో రాసుకుంది, "మనం రాసిన జ్ఞాపకానికి అనుమానం పుట్టదు" అని. గౌరీనాథ్ ఆ వాక్యం చదివాడు. చదివే అడిగాడు.

"మందాకిని ఒప్పుకోవాలి. నువ్వు చెప్పావని కాదు, తనంతట తను," అంది జబీన్ చివరికి.

*

మందాకిని ఒప్పుకుంది. నిజానికి ఆమే తొందరపెట్టింది.

"ఆ పిల్ల నన్ను చూసినప్పుడల్లా ఏడుపు ఆపుకుంటోంది. నిన్న నా జడ దువ్వడానికొచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. దువ్వెన అక్కడే పెట్టి 'సారీ అమ్మా' అని వెళ్ళిపోయింది. నాకు గుండె పట్టేసినట్టయింది గౌరీ. దాని అమ్మని నేను కాజేసి కూర్చున్నట్టుంది. రాసెయ్యి. ఏం రాసినా ఫర్లేదు."

"ఏం రాసినా కాదు. జరిగిందే రాస్తాను," అన్నాడతను.

పదకొండు రోజులు రాశాడు. ఫొటోలు ముందు పెట్టుకుని, తారీఖులు చూసుకుని, తనకు గుర్తున్నదంతా రాశాడు. పైడితల్లి గడపలో అడుగుపెట్టిన రోజు. తొలిసారి "అమ్మా" అన్న రోజు. బళ్ళో చేరిన రోజు, పాలపన్ను ఊడిన రోజు, జ్వరం వచ్చిన వారం, మందాకిని ఆమెకు కొలనులో ఈత నేర్పిన వేసవి. మొత్తం నలభై ఒక్క జ్ఞాపకాలు. రాస్తూ ఒకటి రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత సంతోషం తమ ఇంట్లో ఉందని అప్పటిదాకా లెక్కపెట్టుకోలేదు.

కోడ్‌లో "కూతురు" అనే ఎలిమెంటును సృష్టించాడు. ఆ నలభై ఒకటినీ దాని లోపల పెట్టాడు. దాన్ని పత్రంలో ఎక్కడ చేర్చాలా అని ఎక్కువసేపు ఆలోచించలేదు. మందాకిని జ్ఞాపకాల్లో తన పేరుతో ఒక పెద్ద ట్యాగు ఉంది కదా, దాని కింద చేర్చాడు.

సెప్టెంబరు మొదటి సోమవారం ఉదయం రాత ముగిసింది. గిన్నె తీయగానే మందాకిని లేచి కూర్చుని చుట్టూ చూసింది. గాజుతలుపు అవతల పైడితల్లి అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"పైడీ!" అని పిలిచింది మందాకిని.

పిల్ల పరుగెత్తుకొచ్చి ఆమె మీద పడింది. తీగలన్నీ చిక్కుపడిపోయాయి. జబీన్ వాటిని విడదీస్తూ, ముఖం అటు తిప్పుకుని, తీగల నాణ్యత గురించి ఎవరినో తిట్టింది.

*

తరవాతి అయిదు వారాలూ ఆ ఇల్లు కళకళలాడింది. తల్లీకూతుళ్ళు కలిసి బజారుకు వెళ్ళారు. సాయంత్రాలు బీచిలో మరమరాల మురీ మిక్చరు తిన్నారు. మందాకిని మళ్ళీ కొలనుకు వెళ్ళడం మొదలుపెట్టింది. గౌరీనాథ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్ళిద్దరూ టీవీ ముందు ఒకే దుప్పటి కప్పుకుని కూర్చుని ఉండేవాళ్ళు. అతను గుమ్మంలో చెప్పులు విప్పుతూ కావాలని ఆలస్యం చేసేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మందాకిని పైడి కంచంలో వంకాయ కూర వేస్తూ నవ్వింది.

"ఇప్పుడిన్ని పేచీలు పెడుతున్నావు గానీ, వచ్చిన మొదటి రోజు ఎంత బుద్ధిగా తిన్నావే! ఈ కుర్చీలోనే కూర్చుని, నీలం పళ్ళెంలో, కడుపునిండా."

పైడితల్లి ముద్ద కలుపుతున్న చేయి ఆపింది.

"కుర్చీలో కాదమ్మా."

"కుర్చీలోనే. నాకు బాగా గుర్తు."

"బల్ల కింద," అంది పైడి. "నాను కుర్చీ ఎక్కనేదు. భయమేసి పళ్ళెం తీసుకుని బల్ల కిందకి దూరిపోనాను. నువ్వు కూడా నీ పళ్ళెం తెచ్చుకుని బల్ల కిందకి వచ్చీసినావు. నీ తల టంగుమని తగిలింది. మూడు రోజులు అక్కడే తిన్నాం. నాన్నకి సెప్పొద్దని ఒట్టేయించుకున్నావు."

గౌరీనాథ్ తలెత్తి చూశాడు. అతనికి ఆ సంగతి తెలియదు. ఆ మొదటి రోజు ఆఫీసు నుంచి ఫోను చేసి అడిగితే, "చక్కగా తింది, బెంగపడకు," అంది మందాకిని. అతను అదే రాశాడు. కుర్చీ, పళ్ళెం రంగు మాత్రం తనే ఊహించాడు.

"లేదు పైడీ. నీకేదో కలొచ్చి ఉంటుంది," అంది మందాకిని ప్రేమగా. ఆ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పైడితల్లి ఆమె ముఖంలోకి కాసేపు వెతుకుతున్నట్టు చూసి, కూర కలుపుకుని తినేసింది.

అన్నాలయ్యాక బాల్కనీలో బట్టలు తీస్తున్న తండ్రి దగ్గరికి వచ్చింది. బాధ వచ్చినప్పుడు ఆ పిల్లకు పుట్టిన ఊరి మాట పూర్తిగా వచ్చేస్తుంది.

"నాన్నా, అమ్మకి గుర్తు రానేదు కదా? నువ్వు రాసినావు కదా?"

అతను ఔనన్నాడు.

"అందుకే. అమ్మ కబుర్లు సెప్తంటే నువ్వు సెప్తన్నట్టే ఉంటంది. అమ్మ నోట్లోంచి నువ్వు మాటాడతన్నావు." రెయిలింగు పట్టుకుని, "అమ్మకీ నాకూ ఉన్నవి ఏటీ నేవు," అంది.

గౌరీనాథ్ చేతిలోని చొక్కాను నాలుగుసార్లు మడతపెట్టాడు.

*

పైడి అన్నది అతను చెప్పకముందే, మరో వైపు నుంచి మందాకిని అక్కడికే వచ్చింది. మంగళవారం ఉదయం, పైడి బడికి వెళ్ళాక, వంటింట్లో టీ పోస్తూ మామూలుగా అడిగింది.

"గౌరీ, నా జ్ఞాపకాల్లో నా వీపు కనిపిస్తోందేంటి?"

"అంటే?"

"పైడికి ఈత నేర్పినది గుర్తొస్తుంది. నేను నీళ్ళల్లో ఉంటాను. అది నా చేతుల మీద బోర్లా పడుకుని కాళ్ళాడిస్తూ ఉంటుంది. అంతా కనిపిస్తుంది. కానీ ఎక్కడినుంచో పైనుంచి, మెట్ల మీద కూర్చుని చూస్తున్నట్టు. నా జడ కనిపిస్తుంది, నా భుజాలు కనిపిస్తాయి. నా అరచేతుల మీద దాని బరువు లేదు. చేతులకు తడి లేదు. వందలమంది పిల్లలకు నేర్పాను, ప్రతి పిల్ల బరువూ ఈ చేతులకు తెలుసు. నా పిల్లది తెలీదు."

అతను మెట్ల మీద కూర్చునే చూశాడు. అక్కడినుంచే రాశాడు.

మందాకిని టీ గ్లాసు అతని ముందు పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. ఎదురుగా కూర్చుని, సిగ్గుపడుతున్నట్టు, గ్లాసు అంచును వేలితో రాస్తూ అంది, "ఇంకో సంగతి. ఆ జ్ఞాపకాలన్నిట్లో నేను ఎంత బావుంటానో. జ్వరమొచ్చిన పిల్లను భుజానేసుకుని తిరుగుతుంటే, జుట్టంతా రేగిపోయి, నైటీలో... అయినా ఎంత బావున్నానో. నువ్వు నన్ను అలా చూస్తావని ఇన్నేళ్ళూ నాకు తెలీదు."

గౌరీనాథ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అతని చేయి పట్టుకుంది.

"కానీ అవి నీవి. నాకొద్దు. తీయించెయ్యి," అంది.

*

తీయడం అంత తేలిక కాదని జబీన్ మర్నాడు ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టి చూపించింది. "కూతురు" అన్న ఎలిమెంటు తెరిచింది. లోపల గౌరీనాథ్ రాసిన నలభై ఒకటీ ఉన్నాయి. వాటి కింద ఎవరూ రాయనివి, మందాకిని మెదడు తనంతట తాను చేర్చుకున్నవి, నూట పన్నెండు ఉన్నాయి. ఈ అయిదు వారాల బజారు, బీచి, దుప్పటి.

"పై ఎలిమెంటు తీసేస్తే లోపలివన్నీ దానితో పోతాయి. పాప నీ కూతురన్న ఎరుక కూడా పోతుంది. మళ్ళీ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుకు వెళ్ళిపోతావు," అంది జబీన్.

"నావి మాత్రమే తీసేస్తే?" అన్నాడు గౌరీనాథ్.

"ఆ నూట పన్నెండూ నీ నలభై ఒకటిని పట్టుకుని పెరిగినవే. ఆధారం లాగేస్తే ఏవి నిలుస్తాయో నేను చెప్పలేను. కొత్తగా ఇంకో ఎలిమెంటు సృష్టించి, ముందు ఇవన్నీ అందులోకి మార్చి, అప్పుడు పాతది తీసేయాలి. సగం నిలవచ్చు. ఏమీ నిలవకపోవచ్చు. ఇలాగే బతికేయడం కూడా ఒక దారే మందాకినీ. నువ్విప్పుడు సంతోషంగానే ఉన్నావు కదా?"

"ఉన్నాను," అంది మందాకిని. "పైడిని అడగాలి."

ఆ సాయంత్రం బడి నుంచి రాగానే పైడితల్లిని సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. దాచకుండా చెప్పింది. ఈ అయిదు వారాలు పోవచ్చనీ, మళ్ళీ నిన్ను చూసి ఉలిక్కిపడవచ్చనీ చెప్పింది. పైడి బూట్ల లేసులు విప్పుకుంటూ విన్నది.

"బల్ల కింద తిన్నామంటే నువ్వు నమ్మలేదు," అంది చివరికి.

"నమ్మలేకపోయానురా. కుర్చీయే కనబడుతోంది నాకు. ఇప్పుడు కూడా."

"తీసేస్తే నమ్ముతావా?"

"ఏమో. కుర్చీ మాత్రం కనబడదు."

పైడితల్లి రెండో బూటు విప్పింది. "అయితే తీయించీసుకో. నాకన్నీ గుర్తున్నాయి. నాను సెప్తాను."

"నమ్మకపోతే?"

"మళ్ళీ సెప్తాను," అంది. మాట గట్టిగానే అంది గానీ, చేతిలోని బూటును కింద పెట్టడం మరిచిపోయింది. మందాకిని దాన్ని ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. ఈ కాసేపు కూడా పోవచ్చునని ఇద్దరికీ తెలుసు.

*

అక్టోబరు మూడో బుధవారం, ఉదయం పది గంటలకు మొదలుపెట్టారు. మందాకిని మంచం మీద పడుకుని ఉంది. గిన్నె తొడిగారు గానీ మత్తు ఇంకా ఇవ్వలేదు. గౌరీనాథ్ కోడ్ రాస్తున్నాడు.

కొత్త ఎలిమెంటు సృష్టించాడు. "కూతురు" అనే పేరే పెట్టాడు. వివరం రాయాల్సిన చోట వేళ్ళు వాటంతట అవే "నీకు చాలా ఇష్టమైన" అని కొట్టాయి. ఆగి, చెరిపేశాడు. "పైడితల్లి" అని పిల్ల పేరు రాశాడు. దాన్ని కూడా చెరిపేయబోయి, పేరు ఉండాలి కదా అనుకుని ఉంచాడు. మరేమీ రాయలేదు.

తరవాతి వరుస దగ్గర చేతులు ఆగిపోయాయి. పోయినసారి అడగకుండా తన పేరు కిందే చేర్చేశాడు. లేచి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"మందా, దీన్ని ఎక్కడ చేర్చమంటావు?"

"ఎక్కడెక్కడ చేర్చొచ్చు?"

"ఏ జ్ఞాపకం కిందైనా సరే. నా కింద, మీ అక్క కింద, నీ ఈత కింద... నీ ఇష్టం."

ఆమె కప్పు వైపు చూస్తూ ఆలోచించింది. తలకున్న గిన్నె బరువుకు మెడ కొంచెం వాలి ఉంది.

"బాల్కనీలో వాదించుకున్నాం చూడు, పిల్లను తెచ్చుకుందామా వద్దా అని. అది ఇంకా ఉందా?"

"ఉంది. అదే చివరిది."

"దాని కింద చేర్చు. ఆ రోజు ఏం జవాబు చెప్పానో నాకు తెలీదు. గుర్తు రాదు కూడా. ఇప్పుడు చెప్తున్నాను, రాసుకో. నేను సరేనంటున్నాను."

జబీన్ మత్తుసూది చేతిలో పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. కొండ కింద సముద్రం మీద ఎండ కాస్తోంది. కాసేపటికి ఇటు తిరిగి, "సరే, మొదలుపెడదాం," అంది.

గౌరీనాథ్ ఆ వరుస రాశాడు. అపెండ్ చైల్డ్.

నూట పన్నెండింటినీ ఒక్కొక్కటిగా కొత్త ఎలిమెంటులోకి మార్చాడు. ఆ తరవాత పాతదాన్ని, తన నలభై ఒకటితో సహా, తీసేశాడు. తీసే ముందు ఆ జాబితాను ఒక్కసారి కిందివరకూ చూశాడు. జ్వరమొచ్చిన వారం. ఈత నేర్పిన వేసవి. రేగిన జుట్టుతో ఆమె.

మధ్యాహ్నం రెండింటికి యంత్రం మళ్ళీ చదివి చూపింది. నూట పన్నెండులో పంతొమ్మిది నిలిచాయి.

*

మందాకిని సాయంత్రానికి లేచింది. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లను చూసి, "పైడితల్లి," అంది, పాఠం అప్పజెప్పినట్టు. ఉలిక్కిపడలేదు. అంతకంటే ఎక్కువా లేదు. పైడి మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. బీచిలో ఒక సాయంత్రం గుర్తుందన్నది మందాకిని. మురీ మిక్చరులో ఉల్లిపాయలు ఎక్కువయ్యాయట. దుప్పటి గుర్తు లేదు. సోఫాలో ఆ సాయంత్రం గుర్తు లేదు. వంటింట్లో టీ పోస్తూ భర్తతో అన్న మాటలూ గుర్తు లేవు. తను ఎంత బావుంటుందో ఆమె ఒకప్పుడు అతని కళ్ళతో చూసిందని ఇప్పుడు అతనొక్కడికే తెలుసు. చెబుదామని రెండు మూడుసార్లు అనుకున్నాడు. చెబితే మళ్ళీ తను రాసినట్టే అవుతుందని ఊరుకున్నాడు.

జబీన్ కొత్త ఎలిమెంట్లు సృష్టించే కోడ్‌కు తాళం వేయించింది. ఇకమీదట ఎవరికైనా సృష్టించాల్సి వస్తే పేరు మాత్రమే పెట్టాలనీ, లోపల ఒక్క ముక్క కూడా రాయకూడదనీ నిబంధన పెట్టింది. గౌరీనాథ్ దాని కింద మొదటి సంతకం చేశాడు.

ఇంట్లో పైడితల్లి మాట నిలబెట్టుకుంది. రోజూ బడి నుంచి రాగానే ఒకటి చెప్పేది. బల్ల కింద అన్నం, ఊడిన పన్ను పారేసిన చోటు, ఒకసారి ఇద్దరూ బడి ఎగ్గొట్టి లైట్‌హౌసు చూడటానికి వెళ్ళిన సంగతి. మందాకిని కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎవరిదో కథ వింటున్నట్టు వినేది. "నేనా? బడి ఎగ్గొట్టించానా? నేనలాంటిదాన్ని కాదే," అనేది. ఒక్కోసారి నమ్మేది కాదు. పైడి మర్నాడు మళ్ళీ చెప్పేది. ఆ కబుర్లలో తను ఎప్పుడూ వినని తల్లీకూతుళ్ళు కనబడుతుంటే, గౌరీనాథ్ పక్కగదిలో కూర్చుని చెవులు రిక్కించేవాడు.

అయినా ఇద్దరి మధ్యా కొంత మర్యాద మిగిలే ఉంది. మందాకిని పిల్ల గదిలోకి వెళ్ళాలంటే తలుపు తట్టేది. పైడి ఏదైనా అడగాలంటే రెండుసార్లు ఆలోచించేది.

నవంబరు చివర్లో ఒక ఆదివారం, గౌరీనాథ్ కేంద్రంలో ఏదో పని ఉండి వెళ్ళాడు. పదకొండు గంటలకు ఫోను మోగింది. పైడితల్లి. గుసగుసగా, ఆయాసపడుతూ మాట్లాడుతోంది. అతను కుర్చీలో ముందుకు వంగాడు.

"నాన్నా! అమ్మ నన్ను తిట్టింది!"

"తిట్టిందా? ఎందుకు?"

"తడి తువ్వాలు మంచం మీద పడేశానని. మామూలుగా కాదు నాన్నా, గట్టిగా అరిచింది. 'ఎన్నిసార్లు చెప్పాలే నీకు' అంది!"

గౌరీనాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎన్నిసార్లు చెప్పింది?" అని అడిగాడు.

అవతల పైడి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టుంది. "మొన్న సోమవారం ఒకటి. బుధవారం ఒకటి. నిన్న రెండుసార్లు. ఇది అయిదోది. అన్నీ గుర్తున్నాయి నాన్నా అమ్మకి! వరసగా సెప్పింది!"

వెనక నుంచి మందాకిని గొంతు ఫోనులోంచి ఖంగుమని వినిపించింది. "నాన్నకి చాడీలు చెప్పింది చాలు గానీ, వచ్చి ముందా తువ్వాలు ఆరెయ్యి! దుప్పటి కూడా తడిపేసింది మహాతల్లి!"

"వస్తన్నా!" అని అరిచి, ఫోను కట్ చేయడం మరిచిపోయి, పైడితల్లి పరుగెత్తింది. గౌరీనాథ్ ఫోను చెవికి ఆనించుకుని ఉండిపోయాడు. దూరంగా బాల్కనీలో ఇద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు. క్లిప్పులు ఎవరు పోగొట్టారని ఒకరు, తను కాదని మరొకరు.